లిబ్రవిల్‌లో కురవని వాన

"లిబ్రవిల్‌లో కారు స్టీరింగు ఏ వైపు ఉంటుందండీ, త్రినాథరావు గారూ?"

త్రినాథరావు పకపకా నవ్వాడు. జూబ్లీహిల్స్‌లోని ఆ సినిమా కంపెనీకి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ అతను. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నుదుట విభూతి, చేతిలో ఒకటికి రెండు ఫోన్లు.

"ఇదేం ప్రశ్నండీ జగదాంబ గారూ! మా ఓదెలు ఎక్కడున్నాడని అడుగుతారనుకుంటే నాకు డ్రైవింగు పరీక్ష పెడుతున్నారు. ఎడమ వైపు ఉంటుంది. అక్కడ బండ్లు రోడ్డుకి కుడిపక్కన పోతాయి. చాలా?"

"చాలదు. భాష?"

"ఫ్రెంచి. ఇంగ్లీషులో అడిగితే వాళ్ళ మొహం వాళ్ళు చూసుకుంటారు."

"మనకీ వాళ్ళకీ టైము తేడా?"

"నాలుగున్నర గంటలు. మనం ముందు, వాళ్ళు వెనక. గాబన్ రాజధాని అంటే ఏమనుకున్నారండీ? ఫ్లైటు దిగగానే ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నట్టు పసుపు కార్డు చూపించాలి. డబ్బేమో సీఎఫ్‌ఏ ఫ్రాంకులు. పోలీసుల్నీ, ప్రెసిడెంటు గారి భవనాన్నీ ఫోటో తీయకూడదు, తీస్తే కెమెరా గోవిందా. మలేరియాకి ముందే మందు మింగి వెళ్ళాలి. ఇంకా ఏం చెప్పమంటారు?"

గడగడా అప్పజెప్పేశాడు. జగదాంబకి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా శ్రీనగర్ కాలనీలో పెళ్ళిసంబంధాల ఎంక్వైరీలు చేసి బతుకుతున్న మనిషి ఆమె. వైజాగ్ నుంచి వచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక, పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజమేనా అని వాకబు చేయడమే ఆమె పని. ఆ పనిలో ఒకటి బాగా తెలిసింది. నిజంగా ఒక ఊరు వెళ్ళొచ్చినవాడు కడుపు పాడైన సంగతి చెబుతాడు, పెట్టె ఎక్కడో తప్పిపోయిన సంగతి చెబుతాడు. ఇతను చెప్పినవేమో గాబన్ వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసిన ముఖ్య విషయాలంటూ ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టినవి. ఆమె కూడా మూడు రోజులుగా అవే చదువుతోంది, తల బొప్పి కట్టేదాకా చదువుతోంది.

చదవక ఏం చేస్తుంది? మనిషి పోయి మూడు వారాలు దాటింది. ఓదెలు ఈ కంపెనీలో లొకేషన్ మేనేజర్. కొత్త సినిమాకి అడవి లొకేషన్లు చూడ్డానికి ఆఫ్రికాలోని గాబన్ వెళ్తున్నానని జూలై మొదట్లో వెంగళరావు నగర్‌లో ఇంటిముందు కంపెనీ కారెక్కాడు. తోడు త్రినాథరావు వెళ్ళాడన్నారు. వారానికి త్రినాథరావు తిరిగొచ్చాడు, ఓదెలు రాలేదు. లోపలి అడవుల్లో ఇంకా చూడవలసినవి ఉన్నాయని ఆగిపోయాడన్నారు. ఫోన్ చేస్తే ఎత్తడు. అతని నంబరు నుంచే చెల్లెలు స్ఫూర్తికి అప్పుడప్పుడూ వాయిస్ మెసేజ్ వస్తుంది, అంతే.

ఇంట్లో ఉన్నది అన్నాచెల్లెళ్ళిద్దరే. స్ఫూర్తి ఇదే ఇండస్ట్రీలో కాస్ట్యూమ్స్ దగ్గర అసిస్టెంటు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, మనిషి స్వయంగా మెసేజులు పెడుతుంటే మిస్సింగ్ కేసేంటమ్మా అని పంపించేశారు. అప్పుడొచ్చింది జగదాంబ దగ్గరికి. "మా అన్నను నాకు తెచ్చియ్యండ్రి మేడం" అన్న ఒక్క మాట తప్ప ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కిందటేడు ఈ కంపెనీ షూటింగులో రోపు తెగి ఒక ఫైటర్ కిందపడి చనిపోయాడు. పాత రోపు వద్దని ఫైటర్లు మొత్తుకున్నా షాట్ కానివ్వమన్నది త్రినాథరావు. అదంతా కళ్ళతో చూసి, చెవులతో విని, కోర్టులో చెప్పడానికి ఒప్పుకున్నది ఓదెలు ఒక్కడే. విచారణ వచ్చే సోమవారం.

"ఒక్కటి అడగడం మర్చిపోయానండీ" అంది జగదాంబ నెమ్మదిగా. "అక్కడ వానలెలా ఉన్నాయి?"

"అయ్య బాబోయ్, ఏం వానలండీ!" త్రినాథరావు చెయ్యి గాల్లోకి లేచింది. "ఆఫ్రికా అడవంటే మాటలా? మేమున్న వారం రోజులూ తెరిపి లేదంటే నమ్మండి. గొడుగు తిరగబడిపోయింది. ఓదెలు బూట్లలో నీళ్ళు!"

మూల సోఫాలో కూర్చుని టీ తాగుతున్న కమలాకర్ ఇక ఆగలేకపోయాడు. రిటైరైన ఇన్‌స్పెక్టర్ అతను, ఇప్పుడు సొంతంగా ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈ వ్యవహారం చూసుకోమని కంపెనీ అతన్ని పెట్టుకుంది. నిన్నటిదాకా పెళ్ళి ఎంక్వైరీలు చేసుకునే ఆవిడ తన ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేయడం అతనికి ఎంత మాత్రమూ నచ్చలేదు.

"అయిందా జగదాంబమ్మా? వానలు అడిగినవ్, ఎండలు అడిగినవ్. ఇగ కూరగాయల రేట్లు అడుగుతవా?"

"ఈయన పాస్‌పోర్టు చూడాలి. గాబన్ ముద్ర ఉందో లేదో."

"నువ్వేమన్న పోలీసా చూపెట్టనీకి? నేను చూసిన, చాలు."

"మీరు చూశారా, చూశానని చెప్పమన్నారా?"

కమలాకర్ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "జర మర్యాదగ మాట్లాడు. ముప్పై ఏండ్లు ఖాకీ ఏసినోణ్ణి. ఓదెలు సాక్ష్యం చెప్తనన్నడు, తర్వాత భయపడ్డడు, దూరం పోయిండు. గసుంటోళ్ళను వందమందిని చూసిన. ఆ మెసేజులు కంప్యూటర్ గొంతేమోనని నీ అనుమానం గదా? నేనే ల్యాబ్‌కు పంపిన. అసలు గొంతే. మనిషిదే, ఓదెలుదే. నీ ఫోన్ల ఉన్నది గదా, పెట్టు, మళ్ళొకసారి ఇందాం."

జగదాంబ మూడో మెసేజ్ పెట్టింది.

"స్ఫూర్తీ, నేను మంచిగున్న. గీడ సిగ్నల్ సక్కగ లేదు, ఫోన్ చెయ్యకు, నేనే మెసేజ్ పెడ్త. టైముకు తిను. నా గురించి ఫికర్ చెయ్యకు."

ఆ మాటల వెనక హోరున వాన. ఆ వానలో కప్పలు.

"ఇన్నవా?" కమలాకర్ మొహం విప్పారింది. "సార్ చెప్పినట్టే వాన పడుతున్నది. ఇంకేం గావాలె నీకు?"

అక్కడ ఊరుకోవలసింది. విషయం కడుపులో పెట్టుకుని నమస్కారం చెప్పి లేచి రావలసింది. కానీ ఆ మనిషి వెటకారానికి జగదాంబకి తిక్క రేగింది, నోరు ఆగలేదు.

"ఏటి వాన కమలాకర్ గారూ? లిబ్రవిల్‌లో జూలైలో వానా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాళ్ళకి పొడి కాలం. ఆకాశం మబ్బుపట్టి చల్లగా ఉంటుంది తప్ప చినుకు పడడమే అబ్బురం. మనకి వానాకాలం కదాని వాళ్ళకీ వానలు కురిపించేశారు. ముప్పై ఏళ్ళు ఖాకీ వేసి ఆ మాత్రం వెతికి చూసుకోలేదా?"

కమలాకర్ మళ్ళీ కప్పు అందుకున్నాడు. త్రినాథరావు మొహంలో నెత్తుటి చుక్క లేదు. కానీ సినిమావాడు కదా, చటుక్కున సర్దుకున్నాడు.

"ఈ మధ్య కాలాలన్నీ తిరగబడిపోయాయి కదండీ" అన్నాడు. "మన దగ్గర మాత్రం వేసవిలో వానలు పడట్లేదూ?"

"పడుతున్నాయి" అని లేచింది జగదాంబ.

మెట్లు దిగుతుంటే కమలాకర్ వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఇంటున్నవా? కోర్టుల వాన గురించి చెప్తే నవ్వుతరు. గెలిచేటి కేసు కాదిది. ఆ పిల్లకు లేనిపోని ఆశ పెట్టకు."

"ఆశ పెట్టడానికి నా దగ్గర మాత్రం ఏముందండీ?" అంది జగదాంబ. నిజానికి లేదు కూడా.

ఆటో ఎక్కగానే స్ఫూర్తికి ఫోన్ చేసి వాన సంగతి చెప్పింది.

"అవు మేడం! అన్న గూడ గదే చెప్పిండు. ఏడికి పోయినా ముందుగాల ఆ జాగ గురించి అంతా చదువుకోని, తినేటప్పుడు నాకు చెప్పుడు ఆయనకు అలవాటు. వానలుండయట, సల్లగుంటదట, రోడ్లు గిప్పుడే బాగుంటయట, అందుకే గిప్పుడు పోతున్నం అన్నడు. మెసేజ్ రాంగనే గొంతు ఇని ఏడ్సిన మేడం. ఎనుక వాన చప్పుడుంటే నాకేం సమజైతది?" అని ఆగింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "మరి ఆ వాన ఏడిది మేడం?"

"అదే కనుక్కోడానికి వెళ్తున్నాను. మీ కంపెనీ సినిమాలకి డబ్బింగు ఎక్కడ చెప్తారమ్మా?"

"ఫిల్మ్‌నగర్‌ల మేడం. ఎప్పుడు ఒక్కటే స్టూడియో. రవిచంద్ర అన్న ఉంటడు గాడ, సౌండ్ ఇంజనీరు."

ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన ఆటోలో జగదాంబ ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నదో. అంత వానలో మనిషి గొంతు పెంచకుండా ఎలా మాట్లాడతాడు? వాన గురించి ఒక్క ముక్క కూడా అనడేం? చెవి దగ్గర కూర్చుని గుసగుసలాడినట్టు పొడిగా, దగ్గరగా ఉంది మాట. వాన వానే, మనిషి మనిషే. రెండూ ఒకచోట పుట్టినవి కావు. గొంతు ఓదెలుదే అయినప్పుడు, ఆ గొంతు నాలుగు గోడల మధ్య ఎక్కడో రికార్డు చేశారన్నమాట.

స్టూడియో కింది అంతస్తులో ఉంది. రవిచంద్ర ముప్పై దాటని గుంటూరు కుర్రాడు, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని ఉప్మా తింటున్నాడు. ఓదెలు పేరు చెప్పగానే చెంచా పక్కన పెట్టి నవ్వాడు.

"ఓదెలన్న వేషం గురించా మేడం? అది సస్పెన్స్ కదా! మీకెవరు చెప్పారు?"

జగదాంబ మొహంలో ఏమీ కనపడనివ్వకుండా కుర్చీ లాక్కుంది. "ఓదెలు వాళ్ళ ఇంటి మనిషినే బాబూ. చెప్పు. వేషమేంటి?"

"కొత్త సినిమాలో చిన్న వేషం మేడం. ఒకతను అడవుల్లోకి వెళ్ళిపోతాడు, చెల్లెలికి వాయిస్ మెసేజులు పెడుతూ ఉంటాడు. మనిషి తెర మీద చివర్లో ఒక్కసారే కనిపిస్తాడట. ముందు గొంతు కావాలన్నారు. గాబన్ వెళ్ళడానికి ముందు రోజే వచ్చి చెప్పి వెళ్ళాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెల్లెల్ని థియేటర్లో కూర్చోబెట్టి చూపిస్తానన్నాడు."

"చెప్పించింది ఎవరు?"

"త్రినాథరావు గారే. డైరెక్టర్ గారికి ఖాళీ లేదని ఆయనే కూర్చున్నారు. చాలా ఓపిగ్గా చేయించారు మేడం. డైలాగు పేపరు చూసి చదవొద్దు, నీ భాషలో నువ్వు మాట్లాడు, చెల్లెలి పాత్రకి మీ చెల్లి పేరే పెట్టుకో, అప్పుడే ఫీల్ వస్తుంది అన్నారు."

జగదాంబ కళ్ళు మూసుకుంది. ఇంకెవరైనా అయితే, నా చెల్లెలి పేరు ఎందుకండీ అని అడిగి ఉండేవాడు. ఫిల్మ్‌నగర్ మనిషి అడగడు. ఇక్కడ లైట్లు మోసేవాడి దగ్గర్నుంచి లెక్కలు రాసేవాడి దాకా, ఒక్కసారి తెర మీద తన మొహం చూసుకోవాలని లేనివాడు ఎవరు? ఇరవై ఏళ్ళు ఇతరుల సినిమాలకి కొండలూ కోనలూ వెతికిపెట్టిన ఓదెలుని, నీకూ ఒక వేషం ఉందిరా అని పిలిస్తే, ఎగిరి గంతేసి వచ్చాడు.

"ఆ గది చూడొచ్చా?"

గాజుకి అవతల చిన్న గది. మందపాటి తలుపు, గోడలంతా నల్లటి స్పాంజి, మధ్యలో మైకు, ఊపిరి తగలకుండా దాని ముందు గుండ్రటి జల్లెడ, ఒక స్టూలు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. "స్ఫూర్తీ" అని పైకి అంది. మాట నోటి దగ్గరే పడిపోయింది. గోడలు ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఆటోలో విన్నది సరిగ్గా ఈ పొడి గొంతే. ఓదెలు ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం, సూది వేయించుకుని జ్వరం కూడా పడి లేచాడు, పెట్టె సర్దుకున్నాడు, అక్కడ ఏ పక్కన నడవాలో, ఎవరిని ఫోటో తీయకూడదో నేర్చుకున్నాడు. అతను నిజంగానే వెళ్తున్నాననుకున్నాడు. ఆ తలపుకి ఆమెకి ఏడుపొచ్చింది.

బయటికొచ్చి అడిగింది. "వాన ఎవరు వేశారు?"

"నేనే మేడం. ముందు గొంతు మాత్రమే ఇచ్చాను. ఆ రాత్రే త్రినాథరావు గారు విని, ఫీల్ లేదయ్యా, ఆఫ్రికా అడవిలో ఉన్నట్టు లేదు, మా పెరట్లో కూర్చున్నట్టుంది అన్నారు. అడవంటే వాన పడాలి, కప్పలు అరవాలి కదా అని మా సౌండ్ లైబ్రరీలోంచి తీసి వేశాను. కప్పల అరుపులు వికారాబాద్ దగ్గర రికార్డు చేసినవి." కాస్త గర్వంగానే చెప్పాడు. "బావుందన్నారు."

"మొత్తం ఎన్ని చెప్పాడు?"

"ఐదు."

స్ఫూర్తికి వచ్చినవి నాలుగు.

"ఐదోది వినిపించు బాబూ. వాన లేకుండా."

రవిచంద్ర ఏదో నొక్కాడు. స్పీకర్లలోంచి ఓదెలు ఆ గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"స్ఫూర్తీ, నేనిగ రాను బిడ్డా. గీడనే నాకొక తొవ్వ దొరికింది. గీడనే ఉంట. నా కోసం ఎదురుసూడకు. నన్ను ఎతకనీకి ఎవలనూ తోలకు." అక్కడ గొంతు పూడుకుపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నువ్వు మంచిగుండు. అన్నం మానకు."

"ఈ టేకులో నిజంగానే ఏడ్చాడు మేడం" అన్నాడు రవిచంద్ర. "బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటూ, గిది మా చెల్లె ఇంటే సస్తది తమ్మీ అని నవ్వాడు. వేషమిచ్చినందుకు త్రినాథరావు గారి కాళ్ళకి దండం కూడా పెట్టాడు. ఆయన లేవదీసి, భుజం తట్టి, నీకు మంచి పేరొస్తుందిరా అన్నారు. మేడం... ఏమైంది మేడం?"

జగదాంబ ఇన్నాళ్ళూ ఏ మూలో చిన్న దీపం పెట్టుకునే ఉంది. ఎక్కడో బంధించి ఉంటారు, విచారణ తేదీ దాటగానే వదిలేస్తారు అనుకుంది. ఆ ఐదో మెసేజ్ దాన్ని కూడా ఆర్పేసింది. ఇక రాను అని ముందే చెప్పించుకున్నవాళ్ళు మనిషిని తిరిగి పంపించే ఉద్దేశంతో ఉండరు. ఓదెలు కారెక్కిన రోజే పోయాడు. గాబన్ కాదు కదా, ఊరు కూడా దాటి ఉండడు. మిగిలింది ఈ గొంతు, అతని ఫోను. ఫోను త్రినాథరావు దగ్గరుంది.

"బాబూ, ఓదెలు గాబన్‌లో లేడు. ఎక్కడా లేడు. ఇవి సినిమా కోసం చెప్పించినవి కావు. ఒక్కొక్కటీ వాళ్ళ చెల్లెలికి పంపిస్తున్నారు."

రవిచంద్ర ముందు నవ్వబోయాడు. ఆమె మొహం చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది. "నేను... నేను వాన వేసి ఇచ్చాను మేడం" అన్నాడు, అర్థం లేకుండా. "అన్న నాకు ఏ ఊరెళ్ళినా మిఠాయి తెచ్చేవాడు."

"ఏడవడానికి తర్వాత టైముంది. ఈ ఐదూ, గొంతు విడిగా, వాన విడిగా, నువ్వు ఏ రోజు రికార్డు చేశావో ఆ తేదీలతో సహా నాకు ఇప్పుడే కావాలి. సోమవారం జడ్జిగారి ముందు నువ్వు ఈ మాటే చెప్పాలి. చెప్తావా?"

"చెప్తాను" అన్నాడు. అని, కంప్యూటర్ వైపు తిరిగి, ఆగిపోయాడు. "మేడం, ఒకటి... ఇందాక త్రినాథరావు గారు ఫోన్ చేశారు. మీరు రావడానికి ఓ అరగంట ముందు. ఐదోది మార్చి మళ్ళీ అర్జెంటుగా పంపమన్నారు. పంపేశాను."

"వానతోనేనా?"

"కాదు మేడం. వాన తీసేయమన్నారు. కప్పల్ని కూడా. చల్లటి గాలి సన్నగా వేయి, చాలు, అక్కడ ఇప్పుడు పొడి కాలమట అన్నారు."

పొడి కాలమని అతనికి చెప్పింది ఎవరు? తనే. కమలాకర్ మీద నెగ్గాలన్న ఉబలాటంతో, ఎదురుగా కూర్చుని, వాళ్ళ తప్పు ఏమిటో వాళ్ళకి విడమరిచి చెప్పింది తనే. హంతకుడికి పాఠం చెప్పి వచ్చింది! చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని తన నోటితో తనే దిద్దిపెట్టింది. ఛీ, ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో.

స్ఫూర్తికి ఫోన్ కలపబోతుంటే ఆ పిల్ల ఫోనే వచ్చింది.

"మేడం!" ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపులో సంతోషం ఉంది. "అన్న మెసేజ్ పెట్టిండు మేడం! ఇగ రాడట. గాడనే ఉంటడట. ఎందుకన్నా గిట్ల చేసినవని కోపమొచ్చింది గని, బతికున్నడు గదా మేడం, అది చాలు నాకు. ఈసారి వాన లేదు మేడం! గాలి ఒక్కటే ఇనబడ్తంది. మీరు చెప్పినట్టే, అన్న చెప్పినట్టే, సల్లటి గాలి. అంటే నిజంగనే గాడ ఉన్నడు గదా!"

"స్ఫూర్తీ, నా మాట విను. నువ్వు ఎక్కడున్నావు?"

"ఇంట్లనే మేడం. మిమ్మల్ని తోలినందుకు అన్నకు కోపమొచ్చినట్టున్నది. ఎవలనూ తోలకు అన్నడు. ఏమనుకోకుండ్రి మేడం, ఇగ మీరు ఎతకకుండ్రి. నేనే పోత గాడికి."

"ఎక్కడికి?"

"గాబన్‌కు. త్రినాథరావు సార్ వచ్చిండు మేడం, గీడనే కూసున్నడు. మెసేజ్ సంగతి చెప్తే ఆయన గూడ కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. మీ అన్నను చూడాలని ఉంటే నేనే పంపిస్త బిడ్డా, ఖర్చంతా కంపెనీదే అన్నడు. ముందుగాల ఎల్లో ఫీవర్ సూది ఏపియ్యాలట, కింద కారు పెట్టిండు."

జగదాంబ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. కారు. ఓదెలు ఎక్కింది కూడా ఆ కంపెనీ కారే.

"కారెక్కకు! తలుపేసుకో. పక్కింటివాళ్ళని పిలువు, గట్టిగా అరువు. వాడు మీ అన్నని... స్ఫూర్తీ, వింటున్నావా?"

"హలో... మేడం, మీ మాట తెగుతున్నది. గీడ మెట్ల మీద సిగ్నల్ ఉండది."

మెట్ల మీద! అప్పుడే దిగుతోంది. రవిచంద్ర పక్కనుంచి తన ఫోన్లో పోలీసులకి కలుపుతున్నాడు, అవతల రింగవుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. జగదాంబ గొంతు చించుకుని అరిచింది, ఫిల్మ్‌నగర్ రోడ్డంతా వినపడేలా అరిచింది. అటు వినాల్సిన మనిషికి మాత్రం వినపడలేదు. ఆ పిల్ల ఫోను చెవి నుంచి దించి, ఇంకా కట్ చేయకుండానే, పక్కనున్న మనిషితో మాట్లాడుతోంది. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో హుషారు వినిపించింది.

"సార్, గాడ ఈ నెలల్ల సల్లగుంటదని అన్న చెప్పిండు. ఒక్క నిమిషం ఆగుతరా, పైకి పోయి నా స్వెటర్ తెచ్చుకుంట?"

కారు తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత త్రినాథరావు గొంతు, ఎంతో ఆప్యాయంగా.

"అక్కర్లేదమ్మా. ఎక్కు."